టేబుల్ ఇమేజ్ కోసం చెత్త ముక్కలు ఆడి చూపించాలా?

కరీంనగర్ నుంచి ఒక సోదరుడు అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది. ఆయన ఏడాదిగా ఐదుగురు స్నేహితులతో, డబ్బు పెట్టకుండా, ఉత్త చిప్స్‌తో టెక్సాస్ హోల్డెమ్ పోకర్ ఆడుతున్నారు. ఇందులో ప్రతివారి చేతిలో రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఐదు ముక్కలు ఉంటాయి. మంచి ముక్కలు వచ్చి పందెం వేస్తే అందరూ ఫోల్డ్ చేస్తున్నారు, అంటే ముక్కలు వదిలేస్తున్నారు. ఏమీ లేకుండా ఉన్నట్టు పందెం వేసి బ్లఫ్ చేస్తే ఎవరో ఒకరు కాల్ చేసి, అంటే అంతే పందెం కట్టి, పట్టేస్తున్నారు. పాట్‌లో, అంటే గెలిచినవారికి దక్కే పందేల కుప్పలో, 600 ఉన్నప్పుడు గట్టి ముక్కలతో 600 వేశానని, ఇంకోసారి అంతే పాట్ మీద 200తో బ్లఫ్ చేశానని రెండు ఉదాహరణలు కూడా ఇచ్చారు. "నా టేబుల్ ఇమేజ్ చెడిపోయిందా? కావాలని రెండు మూడు చెత్త ముక్కలు ఆడి, అందరికీ చూపించి ఇమేజ్ మార్చుకోవాలా?" అన్నది ఆయన సందేహం. టేబుల్ ఇమేజ్ అంటే మన ఆట గురించి బల్ల దగ్గర కూర్చున్నవారికి ఉన్న అభిప్రాయం.

నా సమాధానం: వద్దు. ఇమేజ్ కోసం చిప్స్ ఖర్చు పెట్టకండి. మీ ఆట మీరు సరిగ్గా ఆడుతూ ఉంటే ఇమేజ్ దానంతట అదే ఏర్పడుతుంది. మీరు చేయవలసిందల్లా ఎవరు మీలో ఏం చూశారో గుర్తుపెట్టుకుని, వారు చూసినదానికి విరుద్ధంగా, లెక్క కుదిరిన చోట ఒకటి రెండు నిర్ణయాలు మార్చుకోవడం. అయితే మీరు చెప్పిన ఇబ్బందికి అసలు కారణం ఇమేజ్ కాదని నాకు అనిపిస్తోంది. ముందు దాని సంగతి చూసి తరువాత ఇమేజ్ దగ్గరికి వస్తాను.

నేను హన్మకొండలో ఉంటాను. మాది ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి వ్యాపారం చేసిన కుటుంబం. ఇప్పుడు నిట్ అంటున్న ఆర్‌ఈసీలో చదువుకున్న రోజుల్లో హాస్టల్‌లో రమ్మీ, తీన్ పత్తా నేర్చాను. హోల్డెమ్ మాత్రం అమెరికాలో ఉద్యోగం చేసిన తొమ్మిదేళ్లలో వంటబట్టింది. తిరిగి వచ్చాక ఏడాదికి ఒకటి రెండుసార్లు గోవా వెళ్లి, పణజిలో మాండవి నది మీది కాసినోలలో ఆడుతుంటాను. ఇక్కడ ఆదివారం ఆట చింతగింజలతోనే సాగుతుంది.

మీ రెండు ఉదాహరణలను పక్కపక్కన పెట్టి చూడండి. నిజంగా మీకు "గట్టి ముక్కలు లేనిదే పందెం వేయడు" అన్న పేరు పడి ఉంటే, మీ బ్లఫ్‌కు కూడా అందరూ భయపడి ఫోల్డ్ చేయాలి. "ఊరికే పందెం వేస్తాడు" అన్న పేరు పడి ఉంటే, మీ గట్టి ముక్కలకు కూడా కాల్ రావాలి. ఒకే మనుషుల దగ్గర, ఒకే వారంలో రెండూ దీనికి విరుద్ధంగా జరుగుతున్నాయంటే వారు మీ పేరును చూడటం లేదు, మీ పందెం పరిమాణాన్ని చదువుతున్నారు. 600 మీద 600 వేస్తే నిజం, 600 మీద 200 వేస్తే అబద్ధం. ఏడాదిగా ఒకే బల్ల దగ్గర కూర్చున్న స్నేహితులకు ఈ సంగతి తెలియడానికి పెద్ద పరిశీలన అక్కరలేదు.

ఇలా జరగడం సహజమే. గట్టి ముక్కలు వచ్చినప్పుడు ఎక్కువ గెలవాలన్న ఆశ, ఎదుటివాడికి చవకగా తరువాతి ముక్క చూపకూడదన్న భయం కలిసి మన చేత పెద్ద పందెం వేయిస్తాయి. బ్లఫ్ చేసేటప్పుడు పోతే తక్కువే పోవాలన్న జాగ్రత్త చిన్న పందెం వేయిస్తుంది. 600 పాట్‌కు మీరు 200 వేస్తే ఎదుటివాడు 200 పెట్టి 800 గెలిచే అవకాశం పొందుతాడు. అతడు ఐదింట ఒకసారి గెలిస్తే చాలు, నష్టం లేదు. మీరు 600 వేస్తే మూడింట ఒకసారి గెలవాలి. అంటే అబద్ధానికి చవక ధర, నిజానికి ఖరీదైన ధర పెడుతున్నారు. ఒక రకమైన పరిస్థితిలో గట్టి ముక్కలకూ బ్లఫ్‌కూ ఒకే పరిమాణం వేయండి. పాట్‌లో సగమైనా, మూడింట రెండు వంతులైనా మీ ఇష్టం, కానీ రెండింటికీ అదే ఉండాలి. నెల రోజులు ఇది ఒక్కటే చేసి చూడండి. మీరు ఇమేజ్ అనుకుంటున్న ఇబ్బందిలో సగానికి పైగా ఇక్కడే తీరుతుందని నా నమ్మకం.

ఇంకొక మాట. "పట్టేస్తున్నారు" అన్నారు గానీ, ఎన్నింటిలో ఎన్నిసార్లు పట్టారో రాయలేదు. 600 మీద 200తో చేసే బ్లఫ్ నాలుగింట ఒకసారి నెగ్గితేనే ఖర్చు గిట్టుబాటవుతుంది. ఐదుసార్లు చేసి మూడుసార్లు దొరికిపోయినా, నెగ్గిన రెండింటికి 1200 వస్తాయి, దొరికిన మూడింటికి 600 పోతాయి, 600 మిగులుతాయి. పదిమందిలో ముక్కలు తిప్పి చూపించవలసి వచ్చిన అవమానం మనకు ఎక్కువ రోజులు గుర్తుంటుంది. అందరూ నిశ్శబ్దంగా ఫోల్డ్ చేసిన బ్లఫ్ మరుసటి రోజుకే గుర్తుండదు. కాబట్టి ఒక చిన్న పుస్తకంలో రెండు గళ్లు గీసి, నెగ్గినవీ దొరికినవీ రాసుకోండి.

ఇప్పుడు ఇమేజ్ సంగతి. మన భాషలో దీనికి చక్కని మాట ఉంది: పేరు పడటం. ఫలానా ఖరీదుదారు మాట మీద నిలబడతాడని, ఫలానావాడు తూకం దగ్గర పేచీ పెడతాడని పేరు పడినట్టే, పోకర్ బల్ల దగ్గర కూడా "ఇతడు లేనిదే వేయడు", "ఇతడు ప్రతిదానికీ వస్తాడు", "ఇతడిని గట్టిగా కొడితే వదిలేస్తాడు" అని పేర్లు పడతాయి. ఆ పేరు మీ దగ్గర ఉండేది కాదు, ఎదుటివారి జ్ఞాపకంలో ఉండేది. ఎనిమిది మంది ఎదురుగా కూర్చుంటే మీకు ఎనిమిది పేర్లు ఉంటాయి. "నా ఇమేజ్ ఏమిటి?" అన్న ప్రశ్నకు జవాబు లేదు, "ఈయన దృష్టిలో నేనెవరిని?" అన్న ప్రశ్నకే ఉంది.

ఆ జ్ఞాపకం ఎంత కొద్ది సమాచారంతో తయారవుతుందో చాలామంది గమనించరు. బల్ల మీద ఆడే ఆటలో గంటకు సుమారు 25 నుంచి 30 హ్యాండ్‌లు, అంటే పంపకాలు, నడుస్తాయి. నాలుగు గంటలు కూర్చుంటే 100 నుంచి 120. మీరు జాగ్రత్తగా, ఐదింట ఒకటి చొప్పున ఆడితే 20 నుంచి 24 హ్యాండ్‌లలో దిగుతారు. అందులో చాలావరకు ఎవరో ఒకరు ఫోల్డ్ చేయడంతోనే ముగుస్తాయి. షోడౌన్ దాకా వెళ్లి మీ ముక్కలు అందరి ముందు తిరగబడేవి ఏ ఐదో ఆరో ఉంటాయి. ఆ ఐదారు చూసి ఎదుటివాడు మీ స్వభావం మీద తీర్పు ఇస్తాడు.

మా ఎనుమాములలో మిర్చి సీజన్‌లో జెండా పాట ఎరిగినవారికి ఇది సులభంగా అర్థమవుతుంది. మేలైన సరుకు మీద ఖరీదుదారులు పోటీపడి పలికిన ధర ఆ రోజు జెండా పాట ధరగా అందరి నోళ్లలో నానుతుంది. మిగిలిన బస్తాలు తేమను బట్టి, రంగును బట్టి, తాలును బట్టి అంతకంటే తక్కువకు అమ్ముడుపోతాయి. ఊరిలో కూర్చుని ఫోన్‌లో విన్నవాడికి మాత్రం తెలిసేది జెండా పాట ధర ఒక్కటే, సరుకంతా అదే ధరకు పోయిందనుకుంటాడు. షోడౌన్‌లో తిరగబడిన ముక్కలు కూడా అంతే. మీరు ఇరవైసార్లు దిగితే పందొమ్మిదిసార్లు మర్యాదగా ఆడి ఉండవచ్చు. తొమ్మిది-నాలుగుతో దొరికిపోయిన ఆ ఒక్కసారే ఆ రాత్రికి మీ జెండా పాట అవుతుంది.

దీని నుంచి తేలేది ఏమిటంటే, ఇమేజ్‌లో అదృష్టం పాలు చాలా ఉంది. చేతికి జత రావడానికి అవకాశం పదిహేడింట ఒకటి, రెండు ఏస్‌లు రావడానికి 221లో ఒకటి. గంటకు 30 హ్యాండ్‌ల లెక్కన ఏస్‌ల జత ఏడు గంటలకు పైగా కూర్చుంటే సగటున ఒకసారి కనిపిస్తుంది. మూడు గంటలు చెత్త ముక్కలే వచ్చి మీరు ఫోల్డ్ చేస్తూ కూర్చుంటే, మీరు ఉద్దేశించకపోయినా మీకు "గట్టివాడు" అన్న పేరు పడుతుంది. మొదటి అరగంటలోనే ఏస్‌లు, రాజులు, మళ్లీ జాకీలు వరుసగా వచ్చి ఆరుసార్లు రైజ్ చేస్తే (పందెం పెంచితే), అన్నీ న్యాయమైన పందేలే అయినా, షోడౌన్ చూడనివారికి మీరు దూకుడు మనిషిగా కనబడతారు. ఇంటి దగ్గర నుంచి "ఈ రోజు నేను లూజ్‌గా, చాలా ముక్కలతో దిగి ఆడతాను" అని నిశ్చయించుకుని రావడం కంటే, గంట గడిచాక "ముక్కలు ఈ రోజు నాకు ఏ పేరు తెచ్చాయి?" అని చూసుకోవడం మేలు.

పేరు విలువ ఎంతో లెక్కలో చూపిస్తాను. పాట్‌లో 1000 ఉంది, మీరు 500 వేసి బ్లఫ్ చేశారు. ఎదుటివాడు 30 శాతం సార్లు ఫోల్డ్ చేస్తాడనుకుంటే, మీకు సగటున 300 వస్తాయి, 350 పోతాయి, ప్రతిసారీ 50 నష్టం. అదే మనిషి మిమ్మల్ని గట్టివాడిగా భావించి 50 శాతం ఫోల్డ్ చేస్తే, 500 వస్తాయి, 250 పోతాయి, ప్రతిసారీ 250 లాభం. ముక్కలు అవే, పందెం అదే. మారింది ఆయన జ్ఞాపకం ఒక్కటే. పాట్‌లో సగం వేస్తే మూడింట ఒకసారి, పాట్ అంతా వేస్తే రెండింట ఒకసారి నెగ్గాలి అన్న లెక్క కంఠతా ఉండాలి. మీ పేరు ఆ గీతను దాటిస్తుందా లేదా అన్నదే చూడవలసిన విషయం.

నాకు బాగా గుర్తున్న ఒక రాత్రి గురించి చెబుతాను. గోవాలో తొమ్మిది మంది కూర్చున్న బల్ల, బ్లైండ్‌లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే పందేలు, 100-200. మూడు గంటల్లో నా ముక్కలు రెండేసార్లు బయటపడ్డాయి. ఒకసారి రాజుల జత. రెండోసారి ఆఠీను ఏస్, ఆఠీను తొమ్మిదితో ఫ్లాప్ (బల్ల మీది మొదటి మూడు ముక్కలు), టర్న్ (నాలుగో ముక్క) రెండింటిలో చడీచప్పుడు లేకుండా కాల్ చేసి, రివర్‌లో (ఐదో ముక్క) ఆఠీను పడగానే పెద్ద పందెం వేసి ఫ్లష్ (ఒకే గుర్తున్న ఐదు ముక్కలు) చూపించాను. అప్పుడు ఎదురుగా కూర్చున్న నడివయసు పెద్దమనిషి, తను ఆ హ్యాండ్‌లో లేకపోయినా, ముందుకు వంగి నా రెండు ముక్కలను తేరిపార చూసి తల ఊపడం నేను గమనించాను.

గంట తరువాత ఆయన 800కు రైజ్ చేశారు. డీలర్ స్థానంలో, అంటే అందరికంటే చివరగా ఆడే చోట, ఉన్న నా చేతిలో ఇస్పేటు ఎనిమిది, ఏడు ఉన్నాయి. కాల్ చేశాను, బ్లైండ్‌లు వదిలేశారు, పాట్ 1900. ఫ్లాప్‌లో ఆఠీను రాజు, ఆఠీను ఆరు, కళావరు ఐదు పడ్డాయి. ఆయన 1000 వేశారు, నేను కాల్ చేశాను. టర్న్ డైమన్ జాకీ. ఆయన 2000 వేశారు. నా స్ట్రెయిట్ (వరుస అంకెల ఐదు ముక్కలు) పూర్తి కావడానికి తొమ్మిదులు నాలుగు, నాలుగులు నాలుగు, మొత్తం 8 ముక్కలున్నాయి. కనబడని 46 ముక్కల్లో ఎనిమిదంటే సుమారు 17 శాతం. కాల్ గిట్టుబాటు కావడానికి 25 శాతం కావాలి. ముక్కల లెక్క ఒక్కటే చూస్తే ఫోల్డ్ చేయాలి. అయితే ఆ ఎనిమిది కాక ఇంకో 9 ఆఠీను ముక్కలు పేకలో ఉన్నాయి. వాటిలో ఏది పడినా ఆయన నా పాత ఫ్లష్‌ను గుర్తు చేసుకుంటారని నాకు తెలుసు. అందుకే కాల్ చేశాను. పాట్ 7900. రివర్‌లో ఆఠీను రెండు పడింది. ఆయన పందెం వేయకుండా చెక్ చేశారు. నేను 5000 వేశాను. ఈ బ్లఫ్ గిట్టడానికి సుమారు 39 శాతం నెగ్గితే చాలు. ఆయన దాదాపు రెండు నిమిషాలు చిప్స్‌ను కుడిచేత్తో కలుపుతూ కూర్చుని, రాజు, రాణి తిప్పి చూపించి ఫోల్డ్ చేశారు.

ఆ బ్లఫ్ నెగ్గడానికి "గట్టివాడు" అన్న మామూలు పేరు ఒక్కటే చాలేది కాదు. ఆయన అంతకుముందు కళ్లారా చూసి నిజమని నమ్మిన దారిలోనే, అదే వరుసలో నేను అబద్ధం నడిపించాను. నిశ్శబ్దంగా రెండు కాల్‌లు, ఆఠీను పడగానే పెద్ద పందెం. ఇమేజ్ అంటే లూజ్, టైట్ (కొద్ది ముక్కలతోనే దిగేవాడు) అన్న రెండు ముద్రలే కాదు, ఏ దారిలో వెళ్లినప్పుడు మీ దగ్గర ఏం కనిపించింది అన్నది కూడా. మంచి ఆటగాళ్లు గుర్తుపెట్టుకునేది ఈ రెండోదాన్నే.

అదే రాత్రి జరిగిన నష్టం కూడా చెప్పాలి. ఆ పెద్దమనిషి, ఇంకొకరు లేచి వెళ్లారు. ఖాళీ కుర్చీలో ఒక యువకుడు వచ్చి కూర్చున్నాడు. ఇరవై నిమిషాల తరువాత దాదాపు అటువంటి పరిస్థితిలోనే అతడి మీద అటువంటి బ్లఫ్ చేశాను. అతడు క్షణం ఆలోచించకుండా పదుల జతతో కాల్ చేశాడు. తప్పు పూర్తిగా నాదే. నా ఫ్లష్ అతడు చూడలేదు, నేను మూడు గంటలు ఫోల్డ్ చేస్తూ కూర్చోవడం చూడలేదు. అతడికి నేను ముక్కూ ముఖం తెలియని మనిషిని. లేచి వెళ్లినవారితో పాటు మన పేరు కూడా వెళ్లిపోతుంది, కొత్తగా వచ్చినవారి దగ్గర పద్దు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అప్పటి నుంచి కుర్చీ మారిన ప్రతిసారీ, వీరు ఎప్పుడు వచ్చారు, వచ్చాక ఏం చూశారు అని మనసులో ఒకసారి అనుకోనిదే పెద్ద పందెం వేయను.

వచ్చి కూర్చున్నవారు సైతం అందరూ చూడరు. షోడౌన్ జరుగుతున్నప్పుడు తిరగబడే ముక్కలను కాకుండా చుట్టూ ఉన్న కళ్లను చూడటం అలవాటు చేసుకోండి. ఒకరు తల ఎత్తి చూస్తారు, ఒకరు ఫోన్ చూసుకుంటారు, ఒకరు చాయ్ కప్పులో స్పూను తిప్పుతుంటారు, ఒకరు అప్పుడే తాము ఓడిన హ్యాండ్ గురించి పక్కవారికి చెప్పుకుంటుంటారు. చూడని మనిషి దగ్గర మీకు ఏ ఇమేజ్ లేదు. ఆయన తన చేతిలోని రెండు ముక్కలను, బల్ల మీది ఐదు ముక్కలను మాత్రమే చూసి కాల్ చేస్తారు. అలాంటివారి మీద బ్లఫ్ చేయకండి, మంచి ముక్కలు వచ్చినప్పుడు నిండుగా పందెం వేయండి. మీ స్నేహితుల్లో ఇద్దరైనా ఈ కోవలోవారు ఉంటారని నా అంచనా.

మరీ ఎక్కువ చూసేవారి సంగతి వేరు. మీకు గట్టి పేరు ఉందని మీకు తెలుసు అన్నది కూడా వారికి తెలుసు. మూడు గంటలు నిశ్శబ్దంగా ఉన్నవాడు ఒక్కసారిగా పెద్ద పందెం వేస్తే, "ఇతడు తన పేరును అమ్ముకుంటున్నాడేమో" అని కూడా ఆలోచిస్తారు. వారితో ఈ ఎత్తులు పైఎత్తుల్లో పడకుండా లెక్క ప్రకారం ఆడటమే నా పద్ధతి.

పెద్ద వేదికల మీద జరిగినవి రెండు చెబుతాను. డాన్ హారింగ్టన్ 1995లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ గెలిచినవాడు, ఆచితూచి ఆడతాడని పేరున్నవాడు. 2004 ప్రధాన పోటీ చివరి బల్ల దగ్గర, ముందు వేరేవారు రైజ్, కాల్ చేసి ఉండగా, చేతిలో ఆరు-రెండు పెట్టుకుని పెద్ద రీరైజ్ చేశాడు. ముందే చిప్స్ వేసినవారు ముక్కలు వదిలేశారు. అదే పని ప్రతి పది నిమిషాలకు రైజ్ చేసేవాడు చేసి ఉంటే ఎవరో ఒకరు నిలబడేవారని నా అభిప్రాయం. రెండోది 2003 నాటిది. 839 మంది ఆడిన ఆ పోటీలో చివరికి మిగిలిన ఇద్దరిలో ఒకడు క్రిస్ మనీమేకర్, ఆన్‌లైన్ అర్హత పోటీ ద్వారా వచ్చిన అకౌంటెంట్. ఎదుట సామీ ఫర్హా, పేరుమోసిన వృత్తి ఆటగాడు. తొమ్మిది, రెండు, ఆరు, ఎనిమిది, మూడు పడిన బల్ల మీద, స్ట్రెయిట్, ఫ్లష్ ఆశలు రెండూ తప్పిపోయి రాజు తప్ప ఏమీ మిగలని మనీమేకర్ ఉన్న చిప్స్ అన్నీ తోశాడు. తొమ్మిదుల జత ఉన్న ఫర్హా చాలాసేపు ఆలోచించి ఫోల్డ్ చేశాడు. కొత్తవాడికి అంత ధైర్యం ఉండదన్న పేరు కూడా ఒక ఇమేజే.

మీ రెండో ప్రశ్న, చెత్త ముక్కలు ఆడి చూపించడం గురించి. దీని ఖర్చు ముందు లెక్కేయండి. 600 చొప్పున ఐదుసార్లు పనికిరాని ముక్కలతో కాల్ చేస్తే 3000 పోయినట్టే. అందులో షోడౌన్ దాకా వెళ్లి కనబడేది ఏ ఒక్కటో. దాన్ని చూసేది ఇద్దరో ముగ్గురో. వారిలో ఒకరికి, మీకు గొప్ప ముక్కలు వచ్చిన అరుదైన సమయంలోనే కాల్ చేయడానికి తగిన ముక్కలు కూడా రావాలి. ఇన్ని జరిగితే గాని ఆ 3000 తిరిగి రావు. మీకు నిజంగా కాస్త స్వేచ్ఛగా ఆడే పేరు కావాలంటే, చివరి స్థానంలో ఉన్నప్పుడు, ఒకే రంగులో పక్కపక్క ముక్కల వంటివి, ఆడినా ఆడకపోయినా తేడా లేని అంచు ముక్కలతో ఒకటి రెండుసార్లు ఎక్కువ దిగండి. అవి ఎలాగూ దాదాపు గిట్టుబాటయ్యేవే, కనబడినప్పుడు ఇచ్చే ముద్ర అదనపు లాభం.

అడగకుండా ముక్కలు చూపించడం నాకు నచ్చదు. ఎదుటివారు చిప్స్ పెట్టి కొనుక్కోవలసిన సమాచారాన్ని ఉచితంగా ఇవ్వడమే అది. పైగా చాలా చోట్ల ఒకరికి చూపిస్తే అందరికీ చూపించాలన్న నియమం ఉంటుంది. నల్ల కళ్లద్దాలు, బిగబట్టిన ముఖం, అదే పనిగా మాట్లాడటం వంటివాటికి నా అనుభవంలో పెద్ద విలువ కనబడలేదు.

బ్లఫ్‌లో దొరికిపోవడం మాత్రం, ఒకసారి జరిగాక, చాలా విలువైనది. చాలామంది సరిగ్గా ఇక్కడే పొరపాటు చేస్తారు. దొరికిన కసితో పది నిమిషాల్లో మళ్లీ బ్లఫ్ చేసి మళ్లీ దొరుకుతారు. దొరికిన తరువాత బ్లఫ్ మానేసి, మామూలు జతలకు కూడా నిబ్బరంగా పందెం వేయవలసిన సమయం అది. మా ఆదివారం ఆటలో ఒకసారి రాణి తప్ప ఏమీ లేకుండా దొరికిపోయాను, గదంతా గోల చేశారు. తరువాత నలభై నిమిషాలు గట్టి ముక్కలతోనే దిగాను. రాజులు మూడు కలిసినప్పుడు పాట్ మొత్తానికి సమానంగా వేస్తే, మామూలు రోజుల్లో వెంటనే ఫోల్డ్ చేసే మిత్రుడు ఎనిమిదుల జతతో రివర్ దాకా వచ్చాడు. వరుసగా ఓడిపోతున్నప్పుడు కూడా ఇదే పద్ధతి. ముందు చిప్స్ కుప్ప కరిగిపోతున్నవాడికి ఎవరూ భయపడరు, అతడి పందేనికి కాల్‌లు ఎక్కువ వస్తాయి. ఓడుతున్నప్పుడు బ్లఫ్‌తో తేరుకోవాలనుకోవడం ఆ బల్ల మీద అన్నిటికంటే ఖరీదైన కోరిక.

డబ్బు గురించి కూడా స్పష్టంగా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి సమాధానాలు చదివి డబ్బు ఆటలకు వెళ్లేవారుంటారు. తెలంగాణలో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2017లో సవరించి, నైపుణ్యం ఆట అన్న మినహాయింపు లేకుండా డబ్బు పెట్టి ఆడే ఆటలను, ఆన్‌లైన్‌తో సహా, నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. గోవా కాసినోలు అక్కడి చట్టం ప్రకారం లైసెన్సుతో నడుస్తాయి. మీరు చిప్స్‌తోనే ఆడుతున్నారు, దయచేసి అలాగే కొనసాగించండి. నేను పైన రాసినవన్నీ చింతగింజలతో ఆడినా అంతే నిజం, అంతే ఆసక్తిగా ఉంటాయి.

చివరిగా, మీది ఏడాదిగా ఒకే ఐదుగురితో ఆడే ఆట కాబట్టి ఒక తేడా గుర్తుంచుకోండి. గోవాలో నా పేరు ఒక రాత్రితో పోతుంది. మీ పేరు నెలల తరబడి నిలుస్తుంది, తొందరగా మారదు. కాబట్టి వచ్చే ఆదివారం నుంచి రెండింటికీ ఒకే పందెం పరిమాణం మొదలుపెట్టండి. మొదటి రెండు మూడు వారాలు వారు పాత లెక్కలోనే ఉంటారు. మీరు పెద్ద పందెం వేస్తే నిజమనే నమ్ముతారు. పాట్‌లో మూడింట రెండు వంతులతో చేసే బ్లఫ్‌లు ఐదింట రెండుసార్లు నెగ్గితే చాలు, ఆ కాలంలో అంతకంటే ఎక్కువే నెగ్గుతాయి. ఎవరో ఒకరు కాల్ చేసి మీ చెత్త ముక్కలు బయటపెట్టిన రోజున, ఆ ముక్కలను ఎవరెవరు తల ఎత్తి చూశారో లెక్కపెట్టుకోండి. ఆ చూసినవారికి మాత్రం, తరువాతి నెలంతా గట్టి ముక్కలతోనే పందెం వేయండి.